వాక్యాన్వయం నుంచి జీవితాన్వయానికి: తెలుగు క్రైస్తవ బైబిలు పఠనంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

బైబిలు పఠనం నుంచి గ్రహించిన పాఠాలను నిత్యజీవితానికి అన్వయించుకోవాలన్నది క్రైస్తవ బోధలో తరచూ వినిపించే మాట. ఏ అన్వయం సరైనది, దాన్ని నిర్ణయించే ప్రమాణం ఏది అన్న ప్రశ్నకు మాత్రం తగిన చర్చ జరగలేదు. భారతీయ శాబ్దబోధ చర్చలోని ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు నియమాలను పఠన ప్రమాణాలుగా స్వీకరించి, తెలుగు క్రైస్తవ చరిత్ర, సాహిత్యం, సమకాలీన జీవితం నుంచి కొన్ని ఉదాహరణలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: బైబిలు పఠనం, అన్వయం, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, దళిత క్రైస్తవం, పొరుగు.

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవుల వాడుకలో ‘వాక్యం’ అంటే దైవవచనం. వాక్యం చెప్పడమంటే ప్రసంగించడం. వాక్యం చదువుకోవడమంటే బైబిలు పఠించడం. వ్యాకరణ, తర్కశాస్త్రాలలో వాక్యమంటే పరస్పర సంబంధం గల పదాల సముదాయం. ‘అన్వయం’ కూడా ఇలాగే రెండు చోట్ల రెండు అర్థాలతో వ్యవహరించే మాట. కావ్య వ్యాఖ్యానాలలో అన్వయమంటే ఛందస్సు కోసం స్థానం మారిన పదాలను అర్థసంబంధాన్ని బట్టి తిరిగి కూర్చుకోవడం. ప్రతిపదార్థం తెలిసినా అన్వయం కుదరకపోతే తాత్పర్యం తేలదు. ప్రసంగవేదిక మీద అన్వయమంటే చదివిన వాక్యభాగాన్ని శ్రోతల జీవితానికి వర్తింపజేయడం.

ఈ రెండు అర్థాలకూ ఉన్న సంబంధమే ఇక్కడ చర్చనీయాంశం. మొదటిదాన్ని వాక్యాన్వయమని, రెండవదాన్ని జీవితాన్వయమని వ్యవహరించవచ్చు. సంఘాల్లో ఎక్కువగా కనిపించేది మొదటిదాన్ని దాటవేసి రెండవదానికి వెళ్లే పద్ధతి. ఒక వచనాన్ని తీసుకుని, అది ఎవరితో, ఏ సందర్భంలో, ఎందుకు చెప్పిన మాటో విచారించకుండా నేరుగా ఉద్యోగానికో పెళ్లికో జబ్బుకో వర్తింపజేస్తారు. ఇందువల్ల జరిగే నష్టం పాండిత్యానికి మాత్రమే సంబంధించినది కాదు. ఎవరికి ఓదార్పు దక్కుతుంది, ఎవరి మీద నింద పడుతుంది, ఎవరి బాధ్యత కనబడకుండా పోతుంది అన్నవి కూడా ఆ పద్ధతిని బట్టే తేలుతాయి.

2. మూడు ప్రమాణాలు

ఆంధ్రదేశీయుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వాక్యార్థజ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడింటిని హేతువులుగా చెప్పాడు. ఒక పదం తన అర్థాన్ని పూర్తి చేసుకోవడానికి మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా పలికితే పదాలు ఉంటాయి గాని వాక్యం కాదు. ఒకదానికి మరొకదాని అపేక్ష లేదు. అర్థాల మధ్య బాధ లేకపోవడం యోగ్యత. నిప్పుతో తడపమంటే వ్యాకరణం కుదిరినా అర్థం కుదరదు. పదాలను విలంబం లేకుండా ఉచ్చరించడం సన్నిధి. ఒక మాట ఇప్పుడు, రెండో మాట జాము గడిచాక పలికితే వాక్యబోధ కలగదు.

ఈ నియమాలు వాక్యస్థాయికి చెప్పినవి. వాటిని గ్రంథపఠనానికి విస్తరించడం ఉపచారమే అయినా, ఆ విస్తరణ వల్ల మూడు స్పష్టమైన ప్రశ్నలు లభిస్తాయి. ఆ వచనం ఏ ప్రశ్నకు సమాధానంగా వెలువడింది? అదే ప్రశ్న నేటి పాఠకుని జీవితంలో ఉందా? ఇది ఆకాంక్ష. మూలంలోని శ్రోత స్థితికీ నేటి శ్రోత స్థితికీ పొందిక ఉందా? ఇది యోగ్యత. ముందు వెనుకల వచనాలతో కలిపి చదివారా, విడదీసి చదివారా? ఇది సన్నిధి. ఈ మూడింటిలో ఏది లోపించినా వాక్యాన్వయం కుంటుపడుతుంది. దాని మీద నిలబెట్టిన జీవితాన్వయం కూడా తప్పుతుంది.

3. సన్నిధి లోపం: వాగ్దాన వచనాలు

కొత్త సంవత్సరం ఆరంభంలో విశ్వాసులకు వాగ్దాన వచనాలను కార్డుల మీద అచ్చువేసి పంచడం తెలుగు సంఘాలలో విస్తృతంగా ఉన్న ఆచారం. అలాంటి కార్డుల మీద, క్యాలెండర్ల మీద ఎక్కువగా కనిపించే వచనాలలో యిర్మీయా 29:11 ఒకటి. దేవుని ఉద్దేశాలు మేలు కలిగించేవని, భవిష్యత్తుపై నిరీక్షణ ఇచ్చేవని దాని సారాంశం. దాన్ని అందుకున్న వ్యక్తి ఆ ఏడాదిలో తనకు రాబోయే ఉద్యోగానికో సంతానానికో దాన్ని హామీగా తీసుకుంటాడు.

ఆ అధ్యాయం బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన ప్రజలకు యిర్మీయా యెరూషలేము నుంచి పంపిన లేఖ. పదకొండో వచనానికి ముందున్న పదో వచనం తిరిగి రావడానికి డెబ్బై ఏళ్ల గడువు పెట్టింది. లేఖ విన్న పెద్దవాళ్లలో అధికులు ఆ మేలును కళ్లారా చూసే అవకాశం లేదు. ఐదు నుంచి ఏడు వచనాలు ఇంకా ముఖ్యమైనవి: ఇళ్లు కట్టుకోవాలి, తోటలు వేసుకోవాలి, పిల్లలకు పెళ్లిళ్లు చేయాలి, తమను చెరపట్టిన పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించాలి. అంటే నిత్యజీవితానికి కావలసిన పాఠం ఈ అధ్యాయంలో స్పష్టంగానే ఉంది. అది పదకొండో వచనంలో కంటే దానికి ముందున్న వచనాలలోనే ఎక్కువగా ఉంది. కార్డు మీద అచ్చయినది వాగ్దానం, అచ్చుకానిది బాధ్యత. బతుకుతెరువుకు పల్లె విడిచి నగరం చేరిన తెలుగు కుటుంబానికి, పరాయి ఊరి మేలు కోరుతూ అక్కడే వేళ్లూనుకోమన్న ఈ లేఖ ఎంతో సన్నిహితమైన పాఠ్యం. సన్నిధి చెడడంతో ఆ సన్నిహితత్వమే పోయింది.

ఫిలిప్పీయులకు 4:13 విషయంలోనూ ఇదే జరిగింది. అన్నిటినీ చేయగల శక్తిని గురించిన ఆ వచనం పరీక్షల కాలంలో విజయమంత్రంగా మారింది. దాని ముందున్న రెండు వచనాలు కడుపు నిండినప్పుడూ ఆకలితో ఉన్నప్పుడూ తృప్తిగా ఉండడం నేర్చుకున్న ఒక ఖైదీ మాటలు. అక్కడి శక్తి గెలిచే శక్తి కాదు, లేమిని తట్టుకునే శక్తి. పరీక్ష తప్పిన విద్యార్థికి ఆ వచనం అప్పుడే ఎక్కువ అవసరం. విజయమంత్రంగా అలవాటైన వచనం అతనికి అప్పుడు నిందగా వినిపిస్తుంది.

4. ఒంగోలు నిర్ణయం: పద్ధతి, ఫలితం

అన్వయం ఒక సమాజపు గతిని మార్చిన సందర్భం తెలుగు క్రైస్తవ చరిత్రలోనే ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. అప్పటికే రాజయోగ సాధనలో ఉన్న మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య క్రైస్తవం స్వీకరించడంతో ఆ కులస్థులు మిషనును ఆశ్రయించసాగారు. మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామని పైకులాల వారు క్లౌకు స్పష్టం చేశారు. 1914లో వెలువడిన క్లౌ ఆత్మకథనం ప్రకారం, సందిగ్ధంలో పడిన అతడు చేతికందిన కొత్త నిబంధన ప్రతిని తెరిస్తే 1 కొరింథీయులకు 1:26-29 కనిపించింది. లోకం దృష్టిలో జ్ఞానులు, ఘనులు కానివారిని, తృణీకరించబడినవారిని దేవుడు ఎన్నుకున్నాడన్నది ఆ భాగపు సారం. విడిగా ఉన్న అతని భార్యకూ అదే భాగం తటస్థించింది. దాంతో మాదిగలను చేర్చుకోవాలన్న నిర్ణయం స్థిరపడింది.

ఈ కథనాన్ని సంఘాలు దైవసంకేతంగా చెప్పుకుంటాయి. విమర్శ అడగవలసిన ప్రశ్న వేరు. పుస్తకం తెరవగానే కనిపించిన వచనాన్ని ఆజ్ఞగా తీసుకోవడం పద్ధతిగా ప్రమాదకరం. ఏ పుట తెరుచుకుంటే ఆ పుట నిర్ణయాన్ని శాసిస్తుంది. అయినా ఈ అన్వయం నిలబడింది. అందుకు కారణం పుస్తకం తెరుచుకున్న తీరు కాదు, ఆ పుటలో ఉన్న విషయం. కొరింథు సంఘం సామాజికంగా ఎవరితో కూడి ఉందన్నదే పౌలు అక్కడ ప్రస్తావిస్తున్న అంశం. సంఘంలోకి ఎవరు రావచ్చునన్నదే ఒంగోలులో లేచిన ప్రశ్న. రెండు చోట్లా ఆకాంక్ష ఒకటే.

అదే పత్రిక పదకొండో అధ్యాయం ఈ అన్వయాన్ని బలపరుస్తుంది. ప్రభువు భోజనానికి కూడినప్పుడు కొందరు ముందే తిని త్రాగుతుంటే మరికొందరు ఆకలితో మిగిలిపోతున్నారని, లేనివారిని సిగ్గుపరుస్తున్నారని పౌలు అక్కడ మందలిస్తాడు (11:20-22). ఆ భాగంలోని ‘అయోగ్యముగా’ అన్న మాటను నేటి సంఘాలు వ్యక్తిగత పాపాల పరీక్షకు పరిమితం చేశాయి. సందర్భాన్ని బట్టి చూస్తే ఆ అయోగ్యత పంక్తిభేదానికి సంబంధించినది. కులాన్ని బట్టి పంక్తులు వేరుపడిన సమాజంలో ఈ అధ్యాయానికి ఉన్న యోగ్యత వివరించనక్కరలేనిది.

5. ఆదివారపు విశ్రాంతి, చచ్చిన పశువు మాంసం

కొత్తగా చేరిన మాదిగలకు మిషను పెట్టిన ప్రధాన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ఇవి జీవితాన్వయానికి అత్యంత స్పష్టమైన రూపాలు. వీటిలో మొదటి రెండింటినీ పై ప్రమాణాలతో పరీక్షిస్తే భిన్నమైన ఫలితాలు వస్తాయి.

ఆదివారం పని మానడం పైకి మతాచారంగా కనిపిస్తుంది. ఊరి మోతుబరికి అది అవిధేయత. పిలిచినప్పుడు పొలానికి రావలసిన మనిషి, పండుగకు డప్పు కొట్టవలసిన మనిషి వారంలో ఒకరోజు రానన్నాడు. ఈ నిరాకరణ వల్ల కొత్త విశ్వాసులు ఊళ్లలో వేధింపులకు గురయ్యారు. విశ్రాంతిదినపు ఆజ్ఞకు బైబిలులో రెండు హేతువులు ఉన్నాయి. నిర్గమకాండము 20:11 సృష్టిక్రమాన్ని హేతువుగా చెబుతుంది. ద్వితీయోపదేశకాండము 5:14-15 దాసుడికీ దాసికీ యజమానితో సమానంగా విశ్రాంతి ఉండాలని, ఐగుప్తులో తాము దాసులై ఉన్నామన్నది మరువరాదని చెబుతుంది. మూలంలోని రోజు శనివారమే. దినాచారాల విషయంలో ఎవరూ తీర్పు తీర్చరాదన్న మాట కొలొస్సయులకు 2:16లోనూ ఉంది. కాబట్టి ఏ రోజన్నది ఇక్కడ ప్రధానం కాదు. తన కాలం మీద తనకు హక్కు లేని మనిషికి ఒకరోజు దక్కడం ప్రధానం. వెట్టిచాకిరి చేసే మనిషికి ద్వితీయోపదేశకాండపు హేతువు పూర్తి యోగ్యత గలది. ఎఫెసీయులకు 6:5 దాసులకు చెప్పిన విధేయతను కూలివాడికి చదివి వినిపించి, యజమానులకు బెదిరింపు మానమన్న తొమ్మిదో వచనాన్ని వదిలివేసే బోధ దీనికి నేరుగా విరుద్ధం.

రెండో నియమం అంత తేలికగా నిలబడదు. ద్వితీయోపదేశకాండము 14:21 చచ్చినదాన్ని ఇశ్రాయేలీయులకు నిషేధిస్తుంది. పరదేశికి మాత్రం ఇవ్వవచ్చునంటుంది. మార్కు ఏడో అధ్యాయం, అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం ఆహారాన్ని బట్టి శుచి అశుచులు నిర్ణయించే దృష్టినే ప్రశ్నిస్తాయి. సన్నిధి ప్రకారం చూస్తే నియమానికి పాఠ్యబలం తక్కువ. యోగ్యత ప్రకారం చూస్తే మరో కోణం కనిపిస్తుంది. చచ్చిన పశువు మీది హక్కు, దానికి బదులుగా మోట తోళ్లు, చెప్పులు సమకూర్చే బాధ్యత ఊరికీ మాదిగవాడకూ మధ్య ఉన్న కట్టుబాటు. ఆ మాంసాన్ని మానడమంటే అంటరానితనపు గుర్తును నిరాకరించడం. అదే సమయంలో కరువు రోజుల్లో పేదవాడి పళ్లెం నుంచి ఆహారాన్ని తొలగించడం కూడా. ఒకే అన్వయం గౌరవాన్ని ఇచ్చింది, ఆకలి భారాన్నీ పెంచింది. కట్టుబాటును పెట్టిన ఊరిని వదిలి, దాన్ని మోసిన మనిషి ఆహారాన్ని మాత్రమే సంస్కరించడం ఈ నియమంలోని పరిమితి.

1876-78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని కరువు బాధితులకు పని కల్పించాడు. కరువు సాయం సాగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. చరిత్ర రచనలో ఈ సంఖ్యకు దక్కిన ప్రాధాన్యం అంతకుముందున్న విరామానికి దక్కలేదు. ఆకలికీ విశ్వాసానికీ మధ్య బేరం కుదరకూడదన్న ఆ విరామం నిత్యజీవితాన్వయానికి సంఖ్య కంటే మంచి ఉదాహరణ.

6. పొరుగు: అనువాదంలో ఒక చిక్కు

లూకా పదో అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం తెలుగువారికి ‘పొరుగువాడు’ అన్న మాటతో చేరింది. తెలుగులో పొరుగంటే ఆనుకుని ఉన్న ఇల్లు. తెలుగు పల్లెలో ఏ ఇల్లు ఏ ఇంటిని ఆనుకుని ఉండాలన్నది కులం నిర్ణయించిన విషయం. ఊరు ఒకచోట, వాడ మరొకచోట. ఇరుగుపొరుగును ప్రేమించమన్న పాఠాన్ని ఆ మాట వాచ్యార్థంలో పాటిస్తే ప్రేమ తన కులపు వీధి దాటనవసరం లేదు. సంఘాల నిర్మాణంలోనూ ఇది ప్రతిఫలించింది. ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘంలో మాదిగలు, గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘంలో మాలలు అధికంగా చేరడంతో రెండు వాడల మధ్య దూరం రెండు సంఘాల మధ్య దూరంగానూ కొనసాగింది.

ఉపమానం ఈ వాచ్యార్థాన్నే భంగపరుస్తుంది. తన పొరుగువాడు ఎవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడుగుతాడు (10:29). కథ ముగిశాక యేసు ఆ ప్రశ్నను తిప్పి, గాయపడినవాడికి పొరుగువాడైనది ఎవరని అడుగుతాడు (10:36). మొదటి ప్రశ్నలో పొరుగు ఒక స్థలం. రెండో ప్రశ్నలో పొరుగు ఒక చర్య. జవాబు చెప్పినవాడు సమరయుడన్న మాటను పలకకుండా, జాలి చూపినవాడని మాత్రమే అంటాడు (10:37). కులం పేరు నోట పలకడానికి తటపటాయించే సమాజానికి ఆ మౌనం సులభంగానే అర్థమవుతుంది.

సాధారణ ప్రసంగం శ్రోతను సమరయుని స్థానంలో నిలిపి, ఆపదలో ఉన్నవారికి సాయపడమని చెబుతుంది. కథను మొదట విన్న యూదుడు సమరయుని స్థానంలో తనను ఊహించుకోవడం కష్టం; దారిలో పడి ఉన్న మనిషి స్థానమే అతనికి దగ్గర. తాను హీనంగా చూసేవాడి చేతి సాయం అందుకోవడం అతనికి ఎదురైన పరీక్ష. ఆ యోగ్యతను బట్టి చూస్తే పైకులపు శ్రోతకు ఈ ఉపమానం నేర్పేది దాతృత్వం కాదు, స్వీకారం. దళిత శ్రోతకు అది తన మనుషుల్లో ఒకడిని కథానాయకుడుగా చూపుతుంది. ఒకే పాఠ్యం ఇద్దరికీ ఒకే అన్వయం ఇవ్వదు. యోహాను నాలుగో అధ్యాయంలో బావి దగ్గర సమరయ స్త్రీని యేసు నీళ్లడిగిన ఘట్టానికీ ఇదే వర్తిస్తుంది. పైనుంచి ఎవరైనా పోస్తే తప్ప నీళ్లు పట్టుకోలేని స్థితిని ఎరిగిన పాఠకులకు, ఆమె కుండనుంచి నీళ్లు తాగడానికి అతడు సిద్ధపడడమే ప్రసంగం.

7. సాహిత్యంలో అన్వయం

అన్వయమన్న మాటకు వంశమన్న అర్థం కూడా ఉంది. జి. కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ (2000) ఈ అర్థానికి చక్కని నిదర్శనం. రూతు జ్ఞాపకాలుగా సాగే ఈ నవల ఒక దళిత కుటుంబపు తరాల చరిత్రను చెబుతుంది. కరువులో ఊరు విడిచిన శివయ్య సీమోనుగా మారతాడు. ఆ తర్వాతి తరాల పేర్లు రూబేను, ఇమ్మానుయేలు. ఇక్కడ బైబిలు అన్వయం తొలుత పేర్లలోనే జరిగింది. కులాన్ని పట్టించే పేరు పోయి గ్రంథంలోని పేరు వచ్చింది. పేరు మారినంత మాత్రాన ఊరు మారలేదని నవల తర్వాతి తరాల కథ ద్వారా నిరూపిస్తుంది. ఆ కథనంలో మతం ఒక ఆశ్రయం. గమ్యం మాత్రం కాలేదు. విముక్తి పాఠాన్ని చదివిన కుటుంబం విముక్తి కోసం చర్చి బయట కూడా వెతకవలసి రావడం, సంఘపు అన్వయంలోని లోటును సూచిస్తుంది.

గుర్రం జాషువా మార్గం భిన్నమైనది. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఈ కవి, అంతకు రెండు దశాబ్దాలకు ముందే వెలువడిన ‘గబ్బిలం’లో తన వేదనను కాశీలోని శివునికి నివేదించమని గబ్బిలాన్ని దూతగా పంపాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి ఈ మార్గం ఎంచుకోవడం మతమార్పిడి చర్చకు అందే విషయం కాదు. తనను వెలివేసిన సమాజం ఎవరి పేరు చెప్పి వెలివేసిందో ఆ దేవుని ముందే ఫిర్యాదు పెట్టడం, ప్రవక్తల గ్రంథాలు చదివిన వారికి పరిచితమైన పద్ధతే. వచనాలను ఉదాహరించకుండానే గ్రంథపు న్యాయదృష్టిని జీవితానికి అన్వయించడం సాధ్యమని ఈ రెండు రచనలూ వేర్వేరు విధాలుగా చూపుతాయి.

8. ధ్రువపత్రం ముందు సత్యవచనం

అన్వయ ప్రమాణాల అవసరం నేడు అత్యంత తీవ్రంగా ఎదురయ్యే చోటు కుల ధ్రువపత్రం. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డ్ కుల హోదాను తొలుత హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సీ వర్గంలోకి వస్తారు. ఫలితంగా ఆదివారం చర్చిలోనూ ధ్రువపత్రంలో హిందువుగానూ ఉండే జీవితం ఎన్నో కుటుంబాలకు అనుభవం.

ఈ కుటుంబాల ముందు మత్తయి 5:37ను చదివి, అవునంటే అవునని, కాదంటే కాదని ఉండాలని బోధించడం వింటూంటాం. నిజాయితీ క్రైస్తవ ధర్మమన్నదాంట్లో వివాదం లేదు. ఆ వచనం ఏ ప్రశ్నకు జవాబన్నది మాత్రం విచారించాలి. 33 నుంచి 37 వరకు కలిపి చదివితే అది ఒట్ల గురించిన బోధ. ఆకాశం తోడనో భూమి తోడనో యెరూషలేము తోడనో ఒట్టు పెట్టుకునే అలవాటు అక్కడ విమర్శకు గురైంది. మత్తయి 23:16-22లో ఒట్ల మధ్య తరతమాలు కల్పించి బాధ్యత తప్పించుకునే బోధకుల ప్రస్తావన దీనికి తోడు నిలుస్తుంది. మాటలోని సాంకేతికతను అడ్డుపెట్టుకుని బాధ్యత తప్పించుకోవడం మీద ఎక్కుపెట్టిన వచనాన్ని, సాంకేతికత వల్ల హక్కు కోల్పోయిన వారి మీదికే తిప్పడంలో ఆకాంక్ష తారుమారైంది.

అలాగని ఈ విశ్లేషణ ద్వంద్వ జీవనాన్ని సమర్థించదు. ఆ ద్వంద్వం మనిషిని లోలోపల నలిపివేస్తుంది. దాని బరువు మోస్తున్నవారికే అది బాగా తెలుసు. మతం మారినా అంటరానితనం వదలని వాస్తవం ఒకవైపు, మారగానే అది పోయినట్లు భావించే చట్టం మరొకవైపు ఉన్నాయి. ఈ స్థితిలో సత్యవచనం ధ్రువపత్రం కోరే విద్యార్థిని ప్రశ్నించినంత గట్టిగా, తన సమాధుల్లోనూ వివాహ సంబంధాల్లోనూ కులాన్ని పాటిస్తూ తనలో కులం లేదని చెప్పుకునే సంఘాన్నీ ప్రశ్నించాలి.

9. ముగింపు

నిత్యజీవితానికి బైబిలు పాఠాలను అన్వయించడంలో ప్రధాన లోపం భక్తి కొరత కాదు, వాక్యాన్వయపు కొరత. సన్నిధి చెడినప్పుడు వాగ్దానం మిగిలి బాధ్యత జారిపోయింది. ఆకాంక్ష తారుమారైనప్పుడు బలవంతునికి చెప్పిన మాట బలహీనుని మీద పడింది. యోగ్యతను పట్టించుకోనప్పుడు శ్రోతలందరికీ ఒకే పాఠం దక్కింది. ఒంగోలు నిర్ణయం, ఆదివారపు విశ్రాంతి, కరువుకాలపు విరామం నిలబడిన అన్వయాలు కాగా, వాటిలో ప్రతిదానికీ ఎవరో ఒకరు మూల్యం చెల్లించారు. పైకులాల ఆదరణ పోయింది, కూలి పోయింది, సంఖ్య ఆలస్యమైంది. చదివినవారికి ఏ ఖర్చూ లేకుండా ఎదుటివారికి మాత్రమే ఖర్చుపెట్టే అన్వయాన్ని సందేహించడానికి ఈ చరిత్ర తగిన ఆధారం. తెలుగు సంఘాల ముద్రిత ప్రసంగాలను, వేదపాఠాలను ఈ మూడు ప్రమాణాలతో పరిశీలించే పరిశోధనలు జరిగితే, వాక్యం ఎవరి జీవితంలోకి ఎలా ప్రవేశించిందన్నది మరింత స్పష్టమవుతుంది.